స్టూల్ కల్చర్‌లో ఇ.కోలి వచ్చింది, యాంటీబయాటిక్ మొదలుపెట్టాలా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: బాబుకి 14 నెలలు. 4 రోజులుగా రోజుకి 7, 8 సార్లు నీళ్ల విరేచనాలు. మొదటి రోజు రెండు వాంతులు, కొద్దిగా జ్వరం. ఇప్పుడు జ్వరం లేదు, రక్తం పడలేదు, పాలు తాగుతున్నాడు. మొదటి రోజే ఇచ్చిన స్టూల్ కల్చర్ (మలంలోని బ్యాక్టీరియాని ల్యాబులో పెంచి చూసే పరీక్ష) రిపోర్టులో ‘ఇ.కోలి పెరిగింది’ అని, దాని కింద పనిచేసే మందుల పట్టిక వచ్చింది. అందులోంచి ఒక యాంటీబయాటిక్ మొదలుపెట్టాలా? ఇంత చిన్నపిల్లలకి ఏయే బ్యాక్టీరియాల వల్ల విరేచనాలవుతాయి? తగ్గాక మళ్లీ టెస్ట్ చేయించాలా?

మొదటి ప్రశ్నకి నా జవాబు: మీరు రాసినదాన్ని బట్టి యాంటీబయాటిక్ అక్కర్లేదు. ఆ రిపోర్టులో ఉన్న ఇ.కోలి అనే బ్యాక్టీరియా చాలామటుకు మీ బాబు పేగుల్లో పుట్టినప్పటినుంచీ ఉంటున్నదే. మీలోనూ ఉంటుంది, నాలోనూ ఉంటుంది. ఇప్పుడు చేయాల్సింది పోయిన నీళ్లని ఓఆర్‌ఎస్‌తో తిరిగి ఇవ్వడం, జింక్ వేయడం, తిండి ఆపకపోవడం. బాబుని నేను చూడలేదు కాబట్టి, పక్కన కూర్చుని పొట్ట నొక్కి చూసిన డాక్టరు మాటే చివరి మాట. 22 ఏళ్లుగా పిల్లల డాక్టరుగా ఇలాంటి రిపోర్టులు పట్టుకుని టెన్షన్‌తో వచ్చిన తల్లిదండ్రుల్ని చాలామందిని చూశాను కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు ఆ రిపోర్టు సంగతి. ఇ.కోలిని 1885లో మొదట వర్ణించిన థియోడోర్ ఎషెరిక్ కూడా పిల్లల డాక్టరే. పసిపిల్లల మలం పరీక్షిస్తుంటే ఆయనకది కనిపించింది. ఆరోగ్యంగా ఉన్న పిల్లల్లోనూ కనిపించింది. కాబట్టి మలంలో ఇ.కోలి పెరిగిందనడం చెరువులో చేప కనిపించిందనడం లాంటిది. అసలు చాలా ల్యాబుల్లో దాన్ని విడిగా రాయనే రాయరు, ‘జబ్బు కలిగించే సూక్ష్మజీవులు పెరగలేదు’ అని రాసి వదిలేస్తారు. కొన్నిచోట్ల మాత్రం పేరు రాసి, కింద ఏ మందుకి లొంగుతుందో పట్టిక కూడా ఇస్తారు. చిక్కంతా ఆ పట్టికతోనే. మందుల పేర్లు కనిపించేసరికి వాటిలో ఒకటి వాడి తీరాలేమో అనిపిస్తుంది.

ఇ.కోలిలో జబ్బు చేసే రకాలు లేవా అంటే ఉన్నాయి. కానీ కల్చర్ ప్లేటు మీద అవీ, మామూలు ఇ.కోలీ అన్నదమ్ముల్లా ఒకేలా ఉంటాయి. విడదీయాలంటే పీసీఆర్ (క్రిమి జన్యువుల్ని వెతికే పరీక్ష) లాంటి వేరే పరీక్ష కావాలి. మీ రిపోర్టులో ‘ఓ157’ అని గానీ, ‘షిగా టాక్సిన్’ అని గానీ ఉంటే మాత్రం అది ప్రమాదకరమైన రకం, దాని సంగతి కింద చెప్తాను, వెంటనే మీ డాక్టరుకి చూపించండి. అలాంటిదేమీ లేకపోతే ఆ కాగితం ఫైల్లో పెట్టేయండి.

ఇక రెండో ప్రశ్న. బ్యాక్టీరియాల గురించి అడిగారు గానీ, మీ బాబు విషయంలో నేను ముందుగా అనుమానించేది వైరస్‌ని. వాంతులతో, కాస్త జ్వరంతో మొదలై, తర్వాత నీళ్లలా విరేచనాలు అయ్యాయంటే రెండేళ్ల లోపు పిల్లల్లో రోటా, నోరో, ఆడినో లాంటి వైరస్‌లే ఎక్కువ. వీటికి యాంటీబయాటిక్ దేనికీ పనికిరాదు. రోటా టీకా వేయించాం కదా, మరి ఇదెలా వచ్చిందని చాలామంది అడుగుతారు. ఆ టీకా రోటా ఒక్కదాని మీదే, ముఖ్యంగా అది తీవ్రం కాకుండా కాపాడుతుంది. మిగతా వైరస్‌లకీ, బ్యాక్టీరియాలకీ దానితో సంబంధం లేదు.

ఆఫ్రికా, ఆసియాల్లోని 7 దేశాల్లో ఓ మోస్తరు నుంచి తీవ్రమైన విరేచనాలతో వైద్యానికి వచ్చిన 5 ఏళ్ల లోపు పిల్లల మీద జెమ్స్ అనే పెద్ద అధ్యయనం జరిగింది. 2013లో దాని ఫలితాలు వచ్చాయి. ఎక్కువ కేసులకి కారణమైనవిగా నాలుగు తేలాయి: రోటా వైరస్, క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి, విషం వదిలే ఒక రకం ఇ.కోలి, షిగెల్లా. 2016లో అవే నమూనాల్ని పీసీఆర్‌తో మళ్లీ లెక్కగట్టినప్పుడు షిగెల్లా వాటా అంతకుముందు అనుకున్నదానికంటే చాలా ఎక్కువని, అన్నిటికన్నా పైన ఉందని తేలింది. మామూలు కల్చర్‌లో అది పెరగకుండా తప్పించుకుపోతుందన్నమాట. ఇంకో విషయం నాకు మరీ ముఖ్యంగా అనిపించింది. పోల్చి చూడటానికి తీసుకున్న, విరేచనాలు లేని పిల్లల్లో కూడా నూటికి 70 మందికి పైగా మలంలో ఏదో ఒక రోగకారక క్రిమి దొరికింది. అంటే క్రిమి దొరికినంత మాత్రాన విరేచనాలకి కారణం అదేనని చెప్పలేం. ఈ మధ్య ఒకే నమూనాలో ఇరవై క్రిముల్ని వెతికే పీసీఆర్ ప్యానెల్స్ వచ్చాక, నాలుగు పేర్లున్న రిపోర్టుతో వచ్చి ‘ఈ నాలుగూ మా పాపకి ఉన్నాయా’ అని ఏడ్చిన తల్లుల్ని చూశాను.

బ్యాక్టీరియాల్లోకి వస్తే, పేర్లు కంఠతా పట్టడం కన్నా అవి పేగుని ఎలా పాడుచేస్తాయో తెలుసుకుంటే మీకు ఎక్కువ ఉపయోగం. కొన్ని పేగు గోడని పట్టుకుని విషం వదులుతాయి, గోడ మాత్రం చెక్కుచెదరదు. అప్పుడు నీళ్లు నీళ్లుగా పోతుంది, రక్తం ఉండదు. ఇంకొన్ని గోడలోకి చొరబడతాయి, లేదా గోడని దెబ్బతీసే విషం వదులుతాయి. అప్పుడు జిగట, రక్తం, కడుపులో మెలిపెట్టే నొప్పి. అందుకే డైపర్‌లో ఏం కనిపించిందో నేను అంత గుచ్చి గుచ్చి అడుగుతాను. వీలైతే ఫోన్‌లో ఫొటో తీసి తెమ్మంటాను. సిగ్గుపడాల్సిందేమీ లేదు. ‘కొంచెం ఎర్రగా’ అన్న మాట కన్నా ఆ ఫొటో నాకు పదిరెట్లు ఎక్కువ చెప్తుంది.

మొదటి రకంలో ముఖ్యమైనవి విషం వదిలే ఇ.కోలి (డాక్టర్లు ఈటీఈసీ అంటారు), కలరా. 1959లో కలకత్తాలో శంభునాథ్ దే అనే శాస్త్రవేత్త, కలరా క్రిమి వదిలే విషమే పేగులోకి నీటిని లాగుతుందని కుందేళ్ల మీద చేసిన ప్రయోగంతో చూపించారు. ఈటీఈసీ వదిలే విషాల్లో ఒకటి దాదాపు కలరా విషం లాంటిదే. ఆ విషం వల్ల పేగు కణాలు ఉప్పునీటిని లోపలికి పీల్చుకోకపోగా బయటికి పోస్తుంటాయి. అయితే అదే కణంలో గ్లూకోజూ సోడియమూ కలిసి లోపలికి పోయే దారి ఒకటి మూతపడకుండా ఉంటుంది, వాటి వెంట నీళ్లూ పోతాయి. ఓఆర్‌ఎస్ పనిచేసేది ఆ దారిలోనే. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ శరణార్థుల శిబిరంలో సెలైన్లు అయిపోయినప్పుడు దిలీప్ మహలనబిస్ అనే డాక్టరు ఈ ద్రావణాన్నే డ్రమ్ముల్లో కలిపి తాగించి ఎంతోమందిని బతికించారు. ‘విరేచనాలు ఆగట్లేదు, ఓఆర్‌ఎస్ పనిచేయట్లేదు’ అని అంటుంటారు. అది విరేచనాల్ని ఆపే మందు కాదండీ. వాటంతట అవి తగ్గేదాకా బిడ్డ ఎండిపోకుండా చూస్తుంది, అంతే. చాలామందిలో ఆ ‘అంతే’ సరిపోతుంది.

రెండో రకంలో నన్ను ఎక్కువ భయపెట్టేది షిగెల్లా. 1897లో జపాన్‌లో కియోషి షిగా దీన్ని కనిపెట్టారు. చాలా క్రిములకి జబ్బు చేయాలంటే వేలూ లక్షల్లో లోపలికి పోవాలి. షిగెల్లాకి 10 నుంచి 100 చాలు. అందుకే డైపర్ మార్చిన చేతులతో, కలిసి ఆడుకునే బొమ్మలతో ఇంట్లో ఒకరినుంచి ఒకరికి పాకుతుంది. జ్వరం గట్టిగా వస్తుంది. మొదట నీళ్లలా మొదలై ఒకటి రెండు రోజుల్లో జిగటగా, రక్తంతో, కొద్దికొద్దిగా అవుతుంది. బిడ్డ ముక్కుతూనే ఉంటాడు, వచ్చేది చెంచాడు.

కొత్తగా ప్రాక్టీసు మొదలుపెట్టిన రోజుల్లో రెండేళ్ల పాప ఫిట్స్‌తో, 104 డిగ్రీల జ్వరంతో వచ్చింది. విరేచనాలు లేవు. మెదడువాపేమో అనుకుని వెన్నునీటి పరీక్షకి అంతా సిద్ధం చేసుకున్నాం. ఈలోగా పాపకి పక్కలోనే విరేచనమైంది, అందులో రక్తం, జిగట. పరీక్ష ఎలాగూ చేశాం, నీరు మామూలుగానే ఉంది. మలంలో షిగెల్లా పెరిగింది. విరేచనాలకంటే ముందే ఫిట్స్ తెప్పించగలదని పుస్తకంలో చదివిందే, కళ్లతో చూసేదాకా బుర్రకెక్కలేదు. రక్తంతో జ్వరంతో ఉన్న విరేచనాలకి యాంటీబయాటిక్ కావాలి, అది కూడా డాక్టరు చూసి రాసిందే. షిగెల్లా పాత మందులకి చాలావాటికి లొంగడం మానేసింది, ఇంట్లో మిగిలిన సీసా దీనికి పనికొస్తుందన్న నమ్మకం లేదు.

కాంపైలోబాక్టర్ కూడా ఇలాంటిదే. సరిగ్గా ఉడకని కోడిమాంసం, కాచని పాలు, కొన్నిసార్లు విరేచనాలవుతున్న కుక్కపిల్లల నుంచి వస్తుంది. కడుపునొప్పి ఎంత గట్టిగా ఉంటుందంటే అపెండిసైటిస్ అనుకుని సర్జన్ దగ్గరికి పంపిన పిల్లలు నాకే ఇద్దరున్నారు. చాలామందికి దానంతటదే తగ్గిపోతుంది. యాంటీబయాటిక్ తొలి రోజుల్లో ఇస్తేనే ప్రయోజనం.

సాల్మొనెల్లా విషయంలో తల్లిదండ్రులకి మింగుడుపడని మాట ఒకటి ఉంది. టైఫాయిడ్ కాని సాల్మొనెల్లా విరేచనాలకి, బిడ్డ మామూలుగా ఆరోగ్యవంతుడైతే, కల్చర్‌లో క్రిమి పేరు స్పష్టంగా వచ్చినా సాధారణంగా యాంటీబయాటిక్ ఇవ్వం. ఇచ్చినా జబ్బు త్వరగా తగ్గదు సరికదా, క్రిమి మలంలో ఇంకొన్ని రోజులు ఎక్కువ కనిపించే అవకాశం ఉంది. మూడు నెలల లోపు పసికందులూ, రోగనిరోధక శక్తి తక్కువున్న పిల్లలూ, సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే వంశపారంపర్య జబ్బు) ఉన్నవాళ్లూ మినహాయింపు. వీళ్లలో అది రక్తంలోకి పాకుతుంది, కాబట్టి ఆసుపత్రిలో పెట్టి చూడాల్సిందే. ఇంట్లో పెంచే తాబేళ్ల నుంచి కూడా ఇది వస్తుందని తెలిసినవాళ్లు తక్కువ.

ఇందాక ‘షిగా టాక్సిన్’ అన్నాను కదా, దాని సంగతి. షిగెల్లాలో ఒక రకం వదిలే విషం లాంటిదాన్నే కొన్ని ఇ.కోలీలూ వదులుతాయి. ఓ157 వాటిలో పేరుపడ్డది. దీని తీరు వింతగా ఉంటుంది. రక్తం బాగానే పడుతుంది, కడుపునొప్పి గట్టిగా ఉంటుంది, జ్వరం మాత్రం ఉండదు, ఉన్నా స్వల్పం. అసలు ప్రమాదం విరేచనాల్లో లేదు. మొదలైన వారానికి అటూ ఇటూగా, విరేచనాలు తగ్గుముఖం పట్టాక, కొందరు పిల్లల్లో ఎర్ర రక్తకణాలు చితికిపోయి, ప్లేట్‌లెట్లు పడిపోయి, మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఒక మూడేళ్ల బాబుని వాళ్లమ్మ ‘విరేచనాలు తగ్గాయి గానీ ముఖం పాలిపోయింది, నిన్నటినుంచి మూత్రం సరిగా పోయలేదు’ అని తీసుకొచ్చింది. ఆవిడ ఆ రెండు ముక్కలూ గమనించి ఉండకపోతే ఇంకో రోజు పోయేది. కొన్నాళ్లు డయాలసిస్ మీద ఉండి కోలుకున్నాడు. ఈ రకం అనుమానం ఉన్నప్పుడు యాంటీబయాటిక్‌తో మేలు కన్నా కీడు ఎక్కువ జరగొచ్చు. విరేచనాల్ని బిగబట్టే మందులూ అంతే.

బిగబట్టే మందుల మాట వచ్చింది కాబట్టి: లోపెరమైడ్ లాంటివి చిన్నపిల్లలకి ఇవ్వకండి. పేగు కదలిక ఆగి పొట్ట ఉబ్బుతుంది, పోవాల్సింది లోపలే నిలిచిపోతుంది, బయటికి మాత్రం తగ్గినట్టు కనిపిస్తుంది.

మీ అత్తగారు ‘విరేచనాలకి ముందురోజు తిన్నదే పడలేదు’ అంటున్నారని రాశారు. కావచ్చు, కాకపోవచ్చు. తిన్న ఒకటి నుంచి ఆరు గంటల్లో గుప్పున వాంతులైతే తిండిలో ముందే తయారైన విషం అనుకోవచ్చు. సాల్మొనెల్లాకి 6 గంటల నుంచి 3 రోజులు, షిగెల్లాకి ఒకటి నుంచి 3 రోజులు, కాంపైలోబాక్టర్‌కి 2 నుంచి 5 రోజులు, ఓ157కి సాధారణంగా 3, 4 రోజులు పడుతుంది. అంటే చాలాసార్లు తప్పు ముందురోజు తిండిది కాదు, గుర్తు కూడా లేని అంతకుముందుది, లేదంటే తిండిది కానేకాదు. ఈ విషయంలో ఇంట్లో గొడవపడి లాభం లేదు.

ఇప్పుడు ఇంట్లో చేయాల్సిన పని. ఓఆర్‌ఎస్ ప్యాకెట్ మీద ఎన్ని నీళ్లు కలపమని ఉందో అన్నే కలపండి. లీటరు ప్యాకెట్ అయితే లీటరు, కాచి చల్లార్చిన నీళ్లు. నేను చూసిన పొరపాట్లలో ఇదే మొదటిది. బిడ్డ కొంచెమే తాగుతాడు కదా అని మొత్తం ప్యాకెట్ గ్లాసుడు నీళ్లలో కలిపి, గుక్కగుక్కగా రోజంతా పట్టారు ఒకరు. విరేచనాలు ఎక్కువయ్యాయి, బిడ్డ దాహంతో పిచ్చెత్తినట్టు ఏడ్చాడు, రక్తపరీక్షలో సోడియం ఆకాశాన్నంటింది. ఇంకొకరు సగం ప్యాకెట్ వేసి మిగతాది దాచారు, అదీ తప్పే. కలిపినది 24 గంటలు దాటితే పారబోయండి. రెండేళ్ల లోపు పిల్లలకి ప్రతి విరేచనం తర్వాత 50 నుంచి 100 మిల్లీలీటర్లు, చెంచాతోనో చిన్న కప్పుతోనో. వాంతి చేసుకుంటే 10 నిమిషాలు ఆగి, ఇంకా నెమ్మదిగా, రెండు మూడు నిమిషాలకో చెంచా చొప్పున మొదలుపెట్టండి. కూల్‌డ్రింకులూ, తియ్యటి జ్యూసులూ వద్దు. అంత చక్కెర పేగులోకి ఇంకా నీళ్లు లాగుతుంది.

తల్లిపాలు ఆపొద్దు. తినే తిండి ఆపొద్దు. కడుపుకి విశ్రాంతి అని మాడ్చితే పేగు మానడం ఆలస్యమవుతుంది. జింక్ రోజుకి 20 మిల్లీగ్రాములు, 10 నుంచి 14 రోజులు (ఆరు నెలల లోపు వాళ్లకి 10 మిల్లీగ్రాములు). మూడో రోజుకి విరేచనాలు తగ్గగానే అందరూ మానేసేది ఇదే. ప్రోబయాటిక్స్ (మేలు చేసే బ్యాక్టీరియా ఉన్న మందులు) నేను రాయను. 2018లో అమెరికాలో, కెనడాలో పిల్లల మీద జరిగిన రెండు పెద్ద ట్రయల్స్‌లో వాటితో లాభం కనిపించలేదు. మీ డాక్టరు రాస్తే గొడవ పెట్టుకోవాల్సినంత విషయమూ కాదు.

ఎప్పుడు పరిగెత్తాలి? రక్తం కనిపిస్తే. 6 నుంచి 8 గంటలు డైపర్ తడవకపోతే. కళ్లు లోపలికి పోయి, ఏడిస్తే కన్నీళ్లు రాకపోతే. పొట్ట మీద చర్మాన్ని చిటికెతో పట్టి వదిలితే చప్పున సర్దుకోకుండా ముడతలాగే ఉంటే. తాగింది తాగినట్టు కక్కేస్తుంటే. ఆకుపచ్చ వాంతి అయితే. అన్నిటికన్నా ముఖ్యంగా ఒక మాట గుర్తుంచుకోండి: కప్పు చూపించగానే ఆత్రంగా లాక్కుని తాగుతుంటే నీళ్లు తగ్గాయని, ఇంకా సమయం ఉందని. ఇచ్చినా తాగలేక, మగతగా, మెడ వాల్చేస్తుంటే అర్ధరాత్రి అయినా సరే బయల్దేరండి, తెల్లారేదాకా ఆగొద్దు. మూడు నెలల లోపు బిడ్డకి జ్వరం, విరేచనాలు కలిసి ఉంటే ఇవేవీ చూడనక్కర్లేదు, నేరుగా ఆసుపత్రికే.

కల్చర్ ఎవరికి చేయించాలంటే రక్తం ఉన్నవాళ్లకి, చాలా జబ్బుగా కనిపించేవాళ్లకి, నిరోధక శక్తి తక్కువున్న పిల్లలకి, రెండు వారాలు దాటినా తగ్గనివాళ్లకి. అదీ యాంటీబయాటిక్ మొదటి డోసు పడకముందు తీసిన తాజా నమూనా అయితేనే నమ్మొచ్చు. మీ బాబుకి నేనైతే చేయించి ఉండేవాణ్ని కాదు. క్లాస్ట్రిడియం డిఫిసిల్ అనే ఇంకో బ్యాక్టీరియా పేరు కూడా కొన్ని రిపోర్టుల్లో కనిపిస్తుంది. ఏడాది లోపు పిల్లల్లో ఇది ఏ జబ్బూ చేయకుండా ఉండటం చాలా మామూలు, ఆ వయసులో దానికోసం వెతకడమే అనవసరం.

చివరి ప్రశ్న, తగ్గాక మళ్లీ టెస్ట్. వద్దు. చేయిస్తే మళ్లీ ఇ.కోలి వస్తుంది, వచ్చే ఏడాది చేయించినా వస్తుంది. షిగెల్లా, ఓ157 లాంటివి తేలిన పిల్లల్ని మళ్లీ డేకేర్‌కి పంపేముందు కొన్నిచోట్ల ఆరోగ్యశాఖవాళ్లు నెగెటివ్ రిపోర్టు అడుగుతారు, అప్పుడు చేయించాలి. మీకా అవసరం లేదు. విరేచనాలు పూర్తిగా గట్టిపడటానికి ఇంకో మూడు నాలుగు రోజులు పట్టొచ్చు, దానికి కంగారుపడకండి. 14 రోజులు దాటినా ఇలాగే ఉంటే, లేదా బరువు తగ్గుతుంటే అప్పుడు తీసుకెళ్లి చూపించండి. ఈలోగా రోజుకి ఎన్నిసార్లు మూత్రం పోశాడో ఒక కాగితం మీద గీతలు పెట్టుకోండి. ఫోన్ చేసినప్పుడు మీ డాక్టరు మొదట అడిగేది అదే.